కైరోలో చప్పట్లు, రెండేళ్లకు నిట్టూర్పు

2009 జూన్ 4న కైరో యూనివర్సిటీలో ఒబామా "అస్సలాము అలైకుం" అనగానే హాలంతా చప్పట్లు మోగాయి, పాలస్తీనా భూముల్లో ఇజ్రాయెల్ కట్టుకుంటున్న కాలనీలు, అంటే సెటిల్‌మెంట్లు, ఆగాలని గట్టిగా చెప్పేసరికి అరబ్బుల్లో చాలామందికి ఆశ పుట్టింది. 2011 మే 19న అరబ్ దేశాల గురించే వాషింగ్టన్‌లో ఆయన చేసిన ప్రసంగానికి ఆ ఊపు రాలేదు. అప్పటికే ఈజిప్టు జనం తహ్రీర్ స్క్వేర్‌లో నిలబడి తమ అధ్యక్షుడు ముబారక్‌ని తామే దించేశారు, ఇక బయటివాళ్ల మాట కోసం ఎదురుచూడాల్సిన పనేముంది? ఒబామా ఈజిప్టుకి 100 కోట్ల డాలర్ల దాకా అప్పు మాఫీ అన్నారు, నిరసనల్ని అణచినందుకు బహ్రెయిన్‌ని తప్పుపట్టారు, కానీ అమెరికాకి మిత్రదేశమైన సౌదీ పేరే ఎత్తలేదు, అది చాలామందికి గుచ్చుకుంది. 1967 యుద్ధానికి ముందున్న సరిహద్దుల ఆధారంగా పాలస్తీనా దేశం ఏర్పడాలన్న మాటకి ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు వెంటనే అడ్డం తిరిగారు. నాకైతే రెండో ప్రసంగానికి అరబ్బుల్లో వచ్చిన ఆ చప్పటి స్పందనే న్యాయంగా అనిపిస్తుంది, కైరోలో అంత నమ్మకంగా చెప్పాక కూడా సెటిల్‌మెంట్ల నిర్మాణం పూర్తిగా ఆగనే లేదు కదా.