మాంటెలుకాస్ట్ ఏళ్ల తరబడి వాడాక: ఊపిరికి మంచిదే, నిద్ర మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. ఉబ్బసమూ, అలర్జీ ముక్కూ రెండూ ఉన్నవాళ్లకి మాంటెలుకాస్ట్ పనికొచ్చే మందే, నాకు చాలాకాలం బాగా పనిచేసింది కూడా. కానీ ఇన్‌హేలర్ మానేసి దీంతో సరిపెట్టుకుందాం అంటే కుదరదు. పైగా నిద్ర మీదా, మనసు మీదా ఇది ఏం చేయగలదో తెలియకుండా వాడాల్సిన మాత్ర అసలే కాదు. అయిదుకి మూడున్నర మార్కులు. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పడానికే ఇదంతా.

నాది చిన్నప్పటి నుంచీ ఉన్న ఉబ్బసం. దుమ్ము దులిపితే తుమ్ములు, వాతావరణం మారితే ముక్కు దిబ్బడ, జలుబు చేసిందంటే అది ఛాతీలోకి దిగి రాత్రిళ్లు పిల్లికూతలు. రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తీసుకుంటున్నా తెల్లవారుజామున దగ్గు మాత్రం వదిలేది కాదు. అప్పుడు డాక్టరు మాంటెలుకాస్ట్ 10 మి.గ్రా. రాత్రికి ఒకటి చొప్పున రాశారు. 15 ఏళ్లు దాటినవాళ్లందరికీ అదే డోసు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి 5 మి.గ్రా., 2 నుంచి 5 ఏళ్లవాళ్లకి 4 మి.గ్రా., అవి నమిలి మింగే మాత్రలు. ఆ నమిలే మాత్రల్లో తీపి కోసం ఆస్పర్టేమ్ కలుపుతారు కాబట్టి, దాన్లో ఉండే ఒక పదార్థాన్ని పుట్టుకతోనే ఒళ్లు అరిగించుకోలేని జబ్బు ఫినైల్‌కీటోన్యూరియా ఉన్న పిల్లలుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

ఇది పనిచేసే తీరు తెలిస్తే దీన్నుంచి ఎంత ఆశించాలో కూడా తెలుస్తుంది. మనకి పడనిది ఏదైనా లోపలికి పోగానే ఒంట్లో ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. గాలిగొట్టాలు బిగుసుకుపోవడం, వాయడం, కఫం చేరడం, వీటన్నిటిలోనూ వాటి చెయ్యి ఉంటుంది. మాంటెలుకాస్ట్ వాటిని గాలిగొట్టాల దగ్గర అతుక్కోకుండా అడ్డుకుంటుంది. అంతే. తుమ్ములకీ దురదకీ ముఖ్యంగా కారణం హిస్టమిన్ అనే ఇంకో రసాయనం, దాని జోలికి ఇది పోదు. అందుకే నాకు రాత్రి దగ్గు కొద్దిరోజుల్లోనే తగ్గుముఖం పట్టింది, పొద్దున్నే ఛాతీ పట్టేసినట్టుండడం పోయింది, ముక్కు దిబ్బడ కొంత నయం. తుమ్ములు మాత్రం ఎక్కడివక్కడే. ఇంత వాడుతున్నా ఇంకా తుమ్ముతున్నానేంటి అని మందుని తిట్టుకునేవాళ్లు ఉంటారు, అది చెయ్యని పనికి దాన్ని తిట్టి లాభం లేదు.

తుమ్ముల కోసం తర్వాత మాంటెలుకాస్ట్‌తో లెవోసెటిరిజిన్ అనే అలర్జీ మందు కలిసిన మాత్ర ఇచ్చారు. తుమ్ములు తగ్గాయి, బదులుగా పొద్దున మత్తు వచ్చింది. లేచి మొహం కడుక్కున్నాక కూడా తల దిమ్ముగా ఉండేది. బండి నడిపేవాళ్లు, మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లు ఈ కాంబినేషన్ మొదలుపెట్టిన కొత్తలో జాగ్రత్తగా ఉండాలి, మద్యం అయితే దూరం పెట్టాలి. ఇంకోటి, లెవోసెటిరిజిన్, సెటిరిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఉన్నట్టుండి ఆపేస్తే కొందరికి ఒళ్లంతా విపరీతమైన దురద వస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరించింది. అది అలర్జీ తిరగబెట్టడం అనుకుని మళ్లీ అదే మాత్ర మింగుతూ పోతాం. ఎలా ఆపాలో డాక్టర్ని అడిగి ఆపడం మేలు.

నిజం చెప్పాలంటే నా ముక్కుని దారికి తెచ్చింది ఈ రెండూ కాదు, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. కొట్టేటప్పుడు కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, మొన బయటి వైపు చెవి దిశగా ఉండేలా పట్టుకోవాలి. మధ్యలో ఉండే గోడకి తగిలేలా కొడితే పుండుపడి నెత్తురు వస్తుంది. పూర్తి ఫలితం రావడానికి వారం రెండు వారాలు పట్టొచ్చు. మొదటి రెండు రోజులకే ఇది దండగ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు విషయం.

మాత్ర మొదలుపెట్టిన చాలాకాలానికి నాకు కలలు మారిపోయాయి. పీడకలలు అందరికీ వస్తాయి, కానీ ఇవి వేరు: రంగులూ వాసనలతో సహా ఎంత స్పష్టంగా ఉండేవంటే లేచాక ఏది కల, ఏది నిజం అని కాసేపు మంచం మీద కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చేది. మళ్లీ పడుకుంటే నిద్ర పట్టదు. పగలు చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు. ఆఫీసు టెన్షన్ అనుకున్నాం ఇంట్లో అందరం. ఒకరోజు మా అక్క, "ఏంట్రా, రాత్రి నిద్రలో ఎవరి మీదో అరుస్తున్నావు, పొద్దున పిలిస్తే పిల్లల మీద కసురుకుంటున్నావు, నువ్వు ఇలాంటివాడివి కాదు కదా" అంది. ఆ మాటే డాక్టరు గారికి చెబితే ఆవిడ మొదట అడిగింది, "రాత్రి మాంటెలుకాస్ట్ ఇంకా వేసుకుంటున్నారా?" అని.

ఈ మందు అమెరికాలో అనుమతి పొందింది 1998లో, సింగ్యులైర్ అనే పేరుతో. నిద్ర, ప్రవర్తన మీద దీని ప్రభావం గురించి హెచ్చరికలు చాలాకాలంగా ఉన్నవే, అయితే 2020 మార్చిలో ఎఫ్‌డీఏ వాటిని బాక్స్ వార్నింగ్ స్థాయికి పెంచింది. మందు మీద పెట్టే హెచ్చరికల్లో అంతకంటే గట్టిది లేదు. కోపం, ఆందోళన, దిగులు, నిద్ర చెడడం, పీడకలలు, అన్నిటికంటే భయపడాల్సింది చనిపోవాలనే ఆలోచనలు రావడం. ఇంతకుముందు ఎప్పుడూ మానసిక సమస్య లేనివాళ్లలో కూడా ఇవి కనిపించాయి. కొందరిలో మందు ఆపాక కూడా మొదలయ్యాయి. కేవలం అలర్జీ ముక్కు కోసమే అయితే, వేరే మందులు పనిచేయనప్పుడో పడనప్పుడో మాత్రమే దీన్ని వాడమని కూడా అప్పుడే చెప్పింది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ కూడా 2024లో ఈ హెచ్చరికని మరింత స్పష్టంగా, కనిపించేలా పెట్టమంది.

వాడిన చాలామందికి ఇవేవీ రావు, అది కూడా చెప్పాలి. నేను భయపెట్టడానికి రాయడం లేదు. నా కోపమల్లా వేరే. మొదట ఈ మాత్ర రాసిచ్చిన డాక్టరు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మందుల షాపులో కొన్నేళ్లు పాత చీటీ మీదే ఇస్తూ పోయారు, నిద్ర ఎలా ఉంది అని అడిగిన మనిషి లేడు. పెద్దవాడిని కాబట్టి నేను నోరు తెరిచి చెప్పగలిగాను. నాలుగేళ్ల పిల్లకి రాత్రిళ్లు ఏడుపు వస్తే, బడిలో తోటి పిల్లల్ని కొడితే, అది మాత్ర వల్ల అని ఎవరికి తడుతుంది? పిల్లకి మొండితనం పెరిగిందంటారు. పిల్లలకి ఈ మందు మొదలుపెట్టే ముందు వాళ్ల నిద్ర, మాటతీరు మామూలుగా ఎలా ఉన్నాయో ఇంట్లోవాళ్లు గమనించి పెట్టుకుంటే, తర్వాత తేడా వస్తే ఇట్టే తెలుస్తుంది. ప్రవర్తనలో మార్పు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పాలి, వచ్చే నెల చెకప్‌లో చూద్దాంలే అనుకోకూడదు. అయితే ఇన్‌హేలర్ మాత్రం ఆపకూడదు, ఈ రెండిటినీ కలిపి ఆపేసి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు.

నాకు డాక్టరు గారు మాత్ర ఆపించి, బదులుగా స్టెరాయిడ్‌తో పాటు గాలిగొట్టాల్ని చాలాసేపు తెరిచి ఉంచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌కి మార్చారు. మాత్ర ఆపితే ఉబ్బసం తిరగబెడుతుందా అనే భయం నాకు గట్టిగానే ఉండేది, అందుకే ఊపిరి ఎంత వేగంగా ఊదగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొనిపించారు. ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, ఒక చిన్న ముల్లు. నిలబడి, ముల్లుని కిందికి నెట్టి, నిండా గాలి పీల్చి, పెదాలు గట్టిగా బిగించి ఒక్కసారిగా ఊదాలి. మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకె రాసుకోవాలి, సగటు తియ్యకూడదు. బాగున్న రోజుల్లో నాకు వచ్చే పెద్ద అంకె 450. దానిలో 80 శాతం, అంటే 360 పైన ఉంటే నిశ్చింత. 360కీ 225కీ మధ్య ఉంటే డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఉన్నట్టు మందు పెంచాలి. 225 కంటే కింద అంటే సగానికి పడిపోయినట్టు, ఆలోచించకుండా రిలీవర్, అంటే అప్పటికప్పుడు గాలిగొట్టాల్ని తెరిచే ఇన్‌హేలర్, తీసుకుని ఆసుపత్రికి పరుగే. మాత్ర ఆపిన కొత్తలో ఒక పొద్దున 340 చూపించేసరికి గుండె గుభేల్మంది, ఆ కాగితం చూసి మందు పెంచితే మళ్లీ దారికి వచ్చింది. ఛాతీ బిగుసుకున్నట్టు నాకు తెలియకముందే అంకె పడిపోయింది చూడండి, ఆ ప్లాస్టిక్ గొట్టం మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే. పీడకలలు కొన్ని వారాల్లో తగ్గిపోయాయి. అక్క మాత్రం ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేసి "పడుకున్నావా" అని అడుగుతుంది.

మాంటెలుకాస్ట్ వాడుతున్నవాళ్లు మర్చిపోకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. ఆయాసం ఎక్కినప్పుడు ఇది మింగితే ఏమీ కాదు, అప్పటికప్పుడు గాలిగొట్టాల్ని తెరిచే శక్తి దీనికి లేదు, ఆ పని రిలీవర్ ఇన్‌హేలర్‌దే. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. అన్నం ముందా తర్వాతా అనే పట్టింపు లేదు. వెలుతురూ చెమ్మా తగలకుండా అది వచ్చిన రేకులోనే ఉంచాలి, వారానికి సరిపడా డబ్బాలో విప్పి పోసుకునే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని మాత్రం విప్పకండి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పడని ఉబ్బసం ఉన్నవాళ్లు ఇది వాడుతున్నాం కదా అని వాటిని మింగితే ప్రమాదమే, ఆ రక్షణ ఇది ఇవ్వదు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ఉబ్బసం ఉందని ముందే చెప్పాలి. కళ్ల డాక్టరుకి అయితే మరీ ముఖ్యం, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమాకి వేసే టిమోలాల్ చుక్కలు కంట్లో వేసుకున్నా ఊపిరి బిగుసుకోవచ్చు. క్షయకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫినోబార్బిటాల్ లాంటివి మాంటెలుకాస్ట్ పనిని తగ్గించగలవు, కాబట్టి వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి.

ఇన్‌హేలర్ గురించి రెండు మాటలు, ఎందుకంటే మాత్ర పనిచేయడం లేదు అనేవాళ్లలో సగం గొడవ అక్కడే ఉంటుందని నా అభిప్రాయం. నొక్కే రకం అయితే ఊపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, నెమ్మదిగా లోతుగా పీల్చి పదివరకు లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. చెయ్యీ ఊపిరీ కలవకపోతే స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, వాడాలి, అందులో నామోషీ ఏమీ లేదు. స్టెరాయిడ్ తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. ఎన్ని డోసులు మిగిలాయో కౌంటర్ చూసి తెలుసుకోవాలి, నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పద్ధతి నమ్మదగ్గది కాదు. సాల్బుటమాల్ అనే రిలీవర్ ఒక్కదాని మీదే బతికేస్తున్నవాళ్లు డాక్టర్ని కలవాలి, ఉబ్బసం మార్గదర్శకాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ జినా 2019 నుంచి ఆ పద్ధతే వద్దంటోంది. వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, రిలీవర్ తీసుకున్నా నాలుగు గంటలు కూడా ఆగకుండా మళ్లీ పట్టేయడం, ఇవి ఇంట్లో కూర్చుని చూడాల్సినవి కావు.

ఇప్పుడు నా చీటీలో ఉన్నవి ఇన్‌హేలర్, ముక్కు స్ప్రే, అవసరమైన రోజుల్లో మత్తు తక్కువున్న అలర్జీ మాత్ర. పైన ఒక మూల డాక్టరు గారు ఎర్ర సిరాతో "మాంటెలుకాస్ట్ పడలేదు, నిద్ర, చిరాకు" అని రాశారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు ఆ మూలే చూపిస్తాను, ఎందుకంటే ఈ మందు వేరే వేరే పేర్లతో, వేరే మందులతో కలిపి చాలా మాత్రల్లో వస్తుంది, పేరు చూసి గుర్తుపట్టడం కష్టం.