ఛార్జిషీటు కాపీలా, సెక్షన్ 94 పిటిషనా?

బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 230 ముద్దాయికి హక్కు. కోర్టుకు హాజరైన 14 రోజుల్లోపు ఛార్జిషీటు, ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, జతచేసిన పత్రాలు ఉచితంగా ఇవ్వాలి. ముట్టినట్టు సంతకం పెట్టే ముందే పేజీలు లెక్కపెట్టండి. మసక జిరాక్సులు, తెరుచుకోని సీడీల సంగతి అక్కడే తేలాలి. మెమరీ కార్డు కూడా పత్రమేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితురాలి గోప్యత అడ్డొస్తే కాపీ ఇవ్వకుండా చూడనిస్తారు.

పోలీసులు సేకరించి కూడా జతచేయనివాటికి 230 చాలదు. ముందు వాటి జాబితా అడగాలి. ప్రాసిక్యూషన్ దాన్ని ఇవ్వాల్సిందేనని 2022 నాటి సుప్రీంకోర్టు మనోజ్ తీర్పు. తర్వాత సెక్షన్ 94 పిటిషన్, అంటే ఆ పత్రాలు తెప్పించమని కోర్టును అడగడం. ఇది జడ్జి విచక్షణ. అభియోగాల దశలో వేస్తే సాధారణంగా నిలవదు, డిఫెన్స్ దశ (ముద్దాయి తన సాక్ష్యం చూపే దశ) దాకా ఆగాల్సిందే. కాల్ రికార్డులు, సీసీ ఫుటేజీ అప్పటిదాకా ఉండకపోవచ్చు. కనీసం భద్రపరచమని ముందే అడగడం మేలు.