గోపాల్‌పూర్ గోడలు, బరంపురం పట్టు, కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్

2015లో వచ్చిన ఈ లెన్స్‌ను ఎక్కువ మంది మనుషుల ముఖాలు తీయడం కోసం కొంటారు. ఒడిశాలోని గంజాం జిల్లాలో రోజూ మన కంటబడే పెచ్చులూడిన గోడలను, వలలను, పట్టు నేతను దగ్గరగా తీయడానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో చూడాలని నేను వాడాను.

బరువు 160 గ్రాములు, కెమెరాకు తగిలే భాగం, అంటే మౌంటు, లోహంది. అయితే ఈ పనికి అసలు చూడవలసింది 35 సెంటీమీటర్ల కనీస ఫోకస్ దూరం. దీనికి ముందున్న నమూనాలో అది 45 సెంటీమీటర్లు. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేము కంటే చిన్న సెన్సరున్న) కెమెరాకు తగిలిస్తే, అంత దగ్గర నుంచి తీసినప్పుడు ఫ్రేములో పది సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న భాగం నిండుగా పడుతుంది. గోడకైనా, పడవ చెక్కకైనా ఇంతకంటే దగ్గరికి పోవలసిన అవసరం రాదు.

గోపాల్‌పూర్‌లో ఉప్పుగాలికి సున్నం రాలి ఇటుక బయటపడిన పాత గోడలు ఈ లెన్స్‌కు మంచి పరీక్ష. సముద్రానికి ఎదురుగా ఉన్న గోడ మీద ఉదయపు ఎండ సూటిగా పడి గరుకుదనాన్నంతా చదును చేసేస్తుంది. అదే ఎండ పక్కగోడ మీద ఏటవాలుగా పాకినప్పుడు ప్రతి పెచ్చుకూ నీడ పుట్టి, ఇసుక రేణువులు సైతం విడివిడిగా తేలతాయి. ఇది లెన్స్ గొప్పతనం కాదు, వెలుగు చేసే పని. లెన్స్ చేయవలసిందల్లా ఆ నీడలను అంచుల దాకా చెదరకుండా పట్టుకోవడం, అపెర్చర్‌ను, అంటే వెలుగు దూరే రంధ్రాన్ని, ఎఫ్/8కు చిన్నది చేస్తే ఆ పని చక్కగా చేస్తుంది. రంధ్రం పూర్తిగా తెరుచుకునే ఎఫ్/1.8 దగ్గర తీస్తే గోడకు కెమెరా ఏ కాస్త వంకరగా ఉన్నా ఫ్రేములో ఒక వైపు మసకబారుతుంది. ఒడ్డున ఆరేసిన వల ముడులను తీస్తుంటే ఒక జాలరి పెద్దాయన "ఏటి బాబూ, సేపల్లేని వలని తీత్తన్నావు?" అని అడిగారు, తెరమీద ముడిలో మెలిపడిన పోగులను చూపిస్తే ఆ వల ఎక్కడెక్కడ చిరిగిందో ఆయనే వేలుపెట్టి చూపించారు.

బరంపురం పట్టు దగ్గరకు వచ్చేసరికి లెన్స్ ఒక్కటే చాలదు. గుడి గోపురం లాంటి కుంభం అంచు ఆకారం చక్కగా వస్తుంది కానీ పడుగు, పేక విడిగా కనిపించవు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్స్‌ను ముందుకు జరిపే బోలు గొట్టం) జోడించి, ఫోకస్‌ను అతి దగ్గరకు తిప్పి పెడితే మూడు సెంటీమీటర్ల గుడ్డ ఫ్రేమంతా నిండుతుంది, పోగు మెరుపు, పోగుకూ పోగుకూ మధ్య సందు రెండూ దొరుకుతాయి. అందుకు బదులుగా దాదాపు ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం) వెలుగు పోతుంది కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి. ఫోకస్ రింగు కూడా మోటారు ద్వారానే పనిచేస్తుంది గనుక కెమెరా ఆపివేసి ఉన్నప్పుడు ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

పట్టు, చేతిపని వస్తువుల మీద ఆసక్తి లేనివారికి ట్యూబు ఖర్చు దండగ, లెన్స్ మాత్రం నిస్సందేహంగా కొనవచ్చు. ట్యూబు కొనేవారు మాత్రం విద్యుత్ కాంటాక్టులు ఉన్నదే అడిగి తీసుకోవాలి. అవి లేకపోతే అపెర్చర్‌ను కెమెరా నుంచి మార్చే వీలుండదు, ఎఫ్/1.8 దగ్గరే తీయవలసి వస్తుంది. నేను మొదట తెచ్చుకున్న చౌకరకం ట్యూబుకు ప్లాస్టిక్ మౌంటు వదులై లెన్స్ ఊగిసలాడేది, అందుచేత లోహపు మౌంటు ఉన్నదానికి కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు.