రోహిణి కార్తెలో 575 వాట్లు: సన్న కార్డా, లావు కార్డా, నీళ్ల కార్డా?

కంప్యూటర్‌లో ఆటల బొమ్మలు గీసే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5090 కొనేవాళ్లు ముందుగా చూసేది సమీక్షల్లోని ఉష్ణోగ్రతల పట్టిక. ఆ పట్టికలో చాలామంది కంట పడని అంకె ఒకటుంది. పరీక్ష చేసిన గది ఎంత వేడిగా ఉందన్నది. అది ఎక్కువగా 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. వరంగల్‌లో మే చివర, పై అంతస్తు స్లాబు కింద, ఏసీ లేని గదిలో రాత్రి పదింటికి కూడా 36, 38 డిగ్రీలు ఉండటం మామూలే. రామగుండం, ఆదిలాబాద్ వైపు పగటి ఎండ 45 తాకే రోజులుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లో కార్డు కొనేటప్పుడు ఆ కార్తెనే లెక్కలోకి తీసుకోవాలి.

లెక్క తేలికే. వాట్లు, ఫ్యాన్ వేగం మారనంత వరకు కార్డు తన చుట్టూ ఉన్న గాలి కన్నా ఇన్ని డిగ్రీలు పైన నిలుస్తుంది, ఆ తేడా పెద్దగా మారదు. గది 13 డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు 13 పెరుగుతుంది. ఈ చిప్‌కు ఎన్విడియా చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. ఆ గీత దగ్గరికి వస్తే కార్డు ముందు ఫ్యాన్లను గట్టిగా తిప్పుతుంది, అదీ చాలకపోతే తన పని వేగం తగ్గించుకుంటుంది. కాలిపోవడం దాకా రాదు. కానీ అంత డబ్బు పెట్టి కొన్న వేగం మే, జూన్‌లలో చేతికి రాదు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది ఎన్విడియా సొంతంగా చేసిన సన్న కార్డు, ఫౌండర్స్ ఎడిషన్. మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే రెండు స్లాట్ల చోటు చాలు దీనికి. రెండోది ఏసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్ లాంటి కంపెనీలు చేసే మూడున్నర, నాలుగు స్లాట్ల లావు కార్డు. మూడోది 360 మి.మీ. రేడియేటర్‌తో, అంటే నీళ్ల వేడిని గాలికి వదిలే జల్లెడతో వచ్చే నీళ్ల కార్డు.

సన్న కార్డును ముందుగా మెచ్చుకోవాలి. 2022లో వచ్చిన 4090 ఫౌండర్స్ ఎడిషన్ 450 వాట్లకు 61 మి.మీ. మందం తీసుకుంది. 2025 జనవరిలో వచ్చిన 5090 ఫౌండర్స్ ఎడిషన్ 575 వాట్లను 40 మి.మీ.లో సర్దింది. దీనికోసం సర్క్యూట్ బోర్డును మూడు ముక్కలు చేశారు. చిప్, మెమరీ ఉన్న చిన్న బోర్డు మధ్యలో ఉంటుంది. స్లాట్‌లో కూర్చునే ముక్క, మానిటర్ కేబుళ్లు పెట్టే ముక్క వేరుగా ఉండి, దానికి కలుస్తాయి. బోర్డు మధ్యకు కుదించుకుపోవడంతో రెండు ఫ్యాన్ల ఎదురుగా ఫిన్లు, అంటే వేడిని గాలికి వదిలే పల్చటి లోహపు రేకులు తప్ప అడ్డేమీ లేదు. కింద నుంచి పీల్చిన గాలి నేరుగా పైకి వెళ్లిపోతుంది. చిప్ వేడిని పైకి అందించడానికి మామూలు పేస్టు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం), దాని మీద వేడిని ఆవిరితో పరిచే లోహపు పెట్టె, వేపర్ చాంబర్. పనితనం పరంగా ఇంత బిగువుగా చేసిన కార్డు ఇంకోటి లేదు.

చిక్కు ఆ బిగువులోనే ఉంది. 25 డిగ్రీల దగ్గరి గదుల్లో చేసిన సమీక్షల్లోనే చిప్ 77 చుట్టూ, మెమరీ 90 పైన కనబడింది. అంటే చిప్ గది కన్నా 52 డిగ్రీలు పైన. 38 డిగ్రీల గదిలో అదే ఫ్యాన్ వేగంతో చిప్ 90కి, మెమరీ 100 పైకి చేరుతుంది. ఇది క్యాబినెట్ లోపలి వేడిని కలపకముందు లెక్క. పైకి పోయే గాలి ప్రాసెసర్ కూలర్ మూతికే తగులుతుంది కాబట్టి, ప్రాసెసర్‌కు గాలి కూలర్ ఉంటే అదీ వేడెక్కుతుంది. ఈ కార్డు పెట్టాలంటే క్యాబినెట్ అడుగున కనీసం రెండు 120 మి.మీ. ఫ్యాన్లు లోపలికి ఊదాలి, పైన అంతే బలంగా బయటికి లాగాలి. ముందు గాజు పలక ఉన్న క్యాబినెట్ అయితే పక్కల నుంచో అడుగు నుంచో గాలి వచ్చే దారి పెద్దదిగా ఉండాలి. దీన్ని నిలువుగా గాజు పక్కన బిగించడం మాత్రం వద్దు. ఫ్యాన్ల మూతి గాజుకు ఆనుకుంటే ఇంత మంచి డిజైన్‌కు ఊపిరి ఆడదు.

లావు కార్డు దగ్గర అందం తక్కువ, ఓర్పు ఎక్కువ. ఏసుస్ ఆర్‌ఓజీ ఆస్ట్రల్ 5090 తీసుకోండి. పొడవు 357.6 మి.మీ., మందం 76 మి.మీ., ముందు మూడు ఫ్యాన్లు, వెనక నాలుగోది. ఫిన్ల మొత్తం వైశాల్యం పెరిగిన కొద్దీ అదే వేడిని తక్కువ ఫ్యాన్ వేగంతో వదిలేయొచ్చు. ఈ రకం కార్డులు సమీక్షల్లో సుమారు 65 నుంచి 70 డిగ్రీల మధ్య నిలుస్తాయి. 68 అనుకుంటే గది కన్నా 43 పైన. మన 38 డిగ్రీల గదిలో 81. పూర్తి 575 వాట్ల మీద, ఫ్యాన్లు ఇంకా పెంచుకునే చోటు మిగిలి ఉండగానే. ఏసీ లేని గదికి ఇదే మేలని చెప్పడానికి ఈ చోటే కారణం.

ఈ బరువుకు ఇబ్బందులూ లేకపోలేదు. మూడు కిలోల దగ్గరి కార్డు స్లాట్‌కు వేలాడుతూ ఉంటుంది. కింద సపోర్ట్ రాడ్ తప్పనిసరి. రాడ్ కార్డు చివరి మూలకు కాకుండా, చివర నుంచి నాలుగు వేళ్లు లోపలికి, లోహపు ఫ్రేమ్ కింద ఆనాలి. ఫ్యాన్ రెక్కకు తగలొద్దు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సిస్టమ్ బిగించి తెచ్చుకునే వాళ్లు కార్డును స్లాట్ నుంచి తీయించి, దాని డబ్బాలోనే పెట్టించుకోవాలి. హనుమకొండ దాకా ఉన్న 140 కిలోమీటర్ల చిల్లర దూరంలో ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు, స్లాట్ చివర బోర్డు చిట్లడానికి. ఇంకోటి: 76 మి.మీ. కార్డు కింద అడుగు ఫ్యాన్ల దాకా కనీసం 40 మి.మీ. ఖాళీ లేకపోతే దాని ఫ్యాన్లు తిరిగిన చప్పుడే తప్ప గాలి రాదు. కొనే ముందు టేపు పెట్టి కొలవండి. క్యాబినెట్ డబ్బా మీద రాసిన పొడవులో ముందు ఫ్యాన్ల మందం, అంటే 25 మి.మీ., తీసివేయాల్సి రావచ్చు.

నీళ్ల కార్డు గురించి మన దగ్గర ఒక అపోహ గట్టిగా ఉంది. నీళ్లతో నడుస్తుంది కాబట్టి గది చల్లగా ఉంటుందని. నీళ్లు వేడిని మోసుకెళ్తాయి, మాయం చెయ్యవు. 575 వాట్లు ఫిన్ల నుంచి వచ్చినా, రేడియేటర్ నుంచి వచ్చినా అదే గదిలో పడతాయి. ప్రాసెసర్‌తో కలిపి గోడ ప్లగ్గు దగ్గర 850 వాట్లు లాగే సిస్టమ్ విడిచే వేడి ఒక టన్ను ఏసీ శక్తిలో దాదాపు పావు వంతు. కాబట్టి చిన్న గదికి టన్ను ఏసీ చాలనుకున్న ఇంట్లో, ఆ సిస్టమ్ పెట్టాక టన్నున్నర కావాల్సి వస్తుంది. మూడు రకాల కార్డులకూ ఇదే మాట.

చిప్ వరకు చూస్తే మాత్రం నీళ్లదే పైచేయి. మామూలు గదిలో 60 దగ్గర, మన వేసవి గదిలో 73 దగ్గర ఉంటుంది. చూడాల్సింది చిప్‌ను కాదు, నీళ్లను. నీళ్లు బయటికి పోకుండా తిరిగే ఇలాంటి మూసిన లూపుల్లో నీళ్లు 60 డిగ్రీలు దాటొద్దన్నది సాధారణంగా పెట్టుకునే హద్దు. 360 రేడియేటర్ 575 వాట్లు వదిలేటప్పుడు, మామూలు ఫ్యాన్ వేగంలో నీళ్లు తనలోకి వచ్చే గాలి కన్నా సుమారు 15 నుంచి 20 డిగ్రీలు పైన ఉంటాయి. రేడియేటర్‌ను పైకప్పున పెట్టి, ప్రాసెసర్ వేడి కలిసిన 42 డిగ్రీల గాలిని దాంట్లోంచి లాగితే నీళ్లు హద్దు దగ్గరికి చేరతాయి, దాటనూ వచ్చు. వేడి నీళ్లు గొట్టాల రబ్బరు గోడల గుండా కొద్దికొద్దిగా ఆవిరవుతాయి, పంపు సీళ్లు తొందరగా ముదురుతాయి. అందుకే ఏసీ లేని గదిలో నీళ్ల కార్డు పెడితే రేడియేటర్ ముందు గానీ పక్కన గానీ, బయటి గాలి లోపలికి పీల్చేలా ఉండాలి. గొట్టాలు కింది వైపు, రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే లూపులోని గాలి బుడగ పంపులో చేరి గరగర మొదలవుతుంది.

పంపు ఆగితే గాలి కార్డులా అక్కడే ఫ్యాన్ మార్చుకునే వీలుండదు. సర్వీసుకు కార్డు మొత్తం హైదరాబాద్ పంపాలి. లావు కార్డులో ఒక ఫ్యాన్ పోయినా మిగతావి కొన్నాళ్లు లాగిస్తాయి. ఇంటికి దగ్గరలో సర్వీసు లేని ఊళ్లలో ఈ తేడాకు చాలా విలువుంది.

దుమ్ము విషయంలో మన ప్రాంతానికి సొంత లెక్కలున్నాయి. ఎనుమాముల మార్కెట్ వైపు, జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి సీజన్‌లో గాల్లో నూగు తేలుతుంది. అక్టోబరు నుంచి మొదలై సంక్రాంతి దాటేదాకా ఫిల్టర్లకు, ఫిన్లకు పట్టి, ఎండాకాలం వచ్చేసరికి కంబళిలా పరుచుకుంటుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు ధూళి. కరీంనగర్ క్వారీల దగ్గర రాతి పొడి. నూగు ఫిల్టర్ మీదే ఆగుతుంది, బొగ్గు ధూళి జాలీని దాటి లోపలికి పోతుంది. అందుకే లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి లాగే వాటికన్నా ఒకటి ఎక్కువ ఉండి, ప్రతి లోపలి దారికీ ఫిల్టర్ ఉండాలి.

శుభ్రం చెయ్యడంలో మూడింటి వరస తిరగబడుతుంది. రేడియేటర్‌కు ఫ్యాన్ నాలుగు మరలు విప్పి మెత్తటి బ్రష్‌తో తుడిస్తే చాలు. సన్న కార్డు రెండు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి బ్లోయర్‌తో వెనక నుంచి ముందుకు ఊదితే నూగు వచ్చిన దారినే పోతుంది. లావు కార్డులో చాలా భాగం వెనక బోర్డుతో మూసి ఉంటుంది. నూగు ఫ్యాన్‌కూ ఫిన్లకూ మధ్య ఇరుక్కుంటుంది, ఒక్కోసారి ఫ్యాన్ల కవచం విప్పితే తప్ప రాదు. అలా విప్పితే వారంటీ ఉంటుందా లేదా అన్నది కొనేటప్పుడే అడగండి. ఏ కార్డుకైనా బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. గాలి జోరుకు అది హద్దు మీరి తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఫౌండర్స్ ఎడిషన్‌ను మాత్రం పేస్టు మార్పిద్దామని ఎవరికీ విప్పనివ్వొద్దు. లిక్విడ్ మెటల్‌లో గాలియం ఉంటుంది. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, అల్యూమినియంను తినేస్తుంది. బోర్డు మీద ఒక్క చుక్క జారితే కార్డు పోయినట్టే.

డెజర్ట్ కూలర్ సంగతి. ఎండాకాలం పొడిగాలిలో కూలర్ గది గాలిని నిజంగానే చల్లబరుస్తుంది, ఆ మేరకు కార్డుకూ లాభం. కానీ కూలర్ మూతి క్యాబినెట్ వైపు ఉండొద్దు. గాలితో వచ్చే సన్నటి తుంపరలో బోరు నీళ్ల ఉప్పు ఉంటుంది. కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకునే పొర అదే. అది దుమ్ముతో కలిసి ఫిన్ల మీద, కనెక్టర్ల మీద గట్టిపడుతుంది. కనీసం ఆరేడు అడుగుల దూరం, ఎదురుగా కాకుండా పక్కకు, కిటికీ కొంచెం తెరిచి.

కనెక్టర్ గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మూడు రకాల్లోనూ ప్రమాదం అక్కడే. కార్డుకు కరెంటు ఇచ్చే 12వీ-2×6 కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు ఆరు. 575 వాట్లు అంటే దాదాపు 48 ఆంపియర్లు, పిన్నుకు 8. ఒక పిన్ను సరిగా తగలకపోతే దాని వాటా మిగతా వాటి మీద పడుతుంది. అవి వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. బయటి గాలి వేడిగా ఉంటే ఆ వేడీ దీనికి తోడవుతుంది. సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, 1000 వాట్లకు తగ్గొద్దు, ఏటీఎక్స్ 3.1 ప్రమాణం రకమై దానితో వచ్చిన ఒకే కేబుల్ వాడాలి. కనెక్టర్ మధ్య సందు కనబడకుండా పూర్తిగా లోపలికి దిగాలి. బయటికి వచ్చాక 35 మి.మీ. దాకా కేబుల్ వంచొద్దు. క్యాబినెట్ పక్క పలక మూసినప్పుడు కేబుల్ నలిగితే ఆ క్యాబినెట్ ఈ కార్డుకు ఇరుకని అర్థం. ఆస్ట్రల్ కార్డు పిన్ను పిన్నుకూ కరెంటు కొలిచి చూపిస్తుంది. లావు కార్డుల్లో అన్నిటికీ ఈ సౌకర్యం లేదు, ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.

ఇక వేసవికి చెయ్యాల్సిన అసలు పని సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కార్డు అమరికలు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ (వాడే కరెంటు హద్దు) 80 శాతానికి దించితే కార్డు 460 వాట్ల దగ్గర ఆగుతుంది. ఆటల్లో పోయే వేగం సాధారణంగా 5 శాతం అటూ ఇటూ. వేడి తేడా కూడా అదే లెక్కన అయిదో వంతు తగ్గుతుంది. 38 డిగ్రీల గదిలో సన్న కార్డు 80కి, లావుది 72కి, నీళ్లది 66కి దిగుతుంది. అంటే ఏసీ లేకున్నా ఈ ఒక్క మార్పుతో సన్న కార్డు కూడా బతికి బట్టకడుతుంది, చప్పుడు మాత్రం భరించాలి.

ఏసీ గది అయితే, చిన్న క్యాబినెట్ ఇష్టమైతే, సన్న కార్డు తీసుకోండి. దానికి సాటి లేదు. ఏసీ లేని స్లాబు ఇంటికి లావు కార్డే, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. నీళ్ల కార్డు ఏసీ ఉండి, చప్పుడు అస్సలు వద్దనుకుని, నాలుగైదేళ్లకు మార్చేసే అలవాటున్న వాళ్లకు. ఈ మూడూ కాక, 360 వాట్ల ఆర్‌టీఎక్స్ 5080 లావు రకంలో దొరుకుతుంది. 4కే మానిటర్ లేనివాళ్లు, కిరాయి గదిలో పాత వైరింగ్ ఉన్నవాళ్లు అటే చూడటం మంచిది. మెమరీ 32 జీబీ బదులు 16 జీబీ అవుతుంది, ఆటలకు అది సరిపోతుంది.

చివరగా ఫ్యాన్ల అమరిక. ఈ కార్డులు పని లేనప్పుడు ఫ్యాన్లు ఆపేస్తాయి. చల్లటి దేశాల్లో అది సుఖం. ఇక్కడ మేలో ఊరికే ఉన్నా కార్డు 50, 55 డిగ్రీల మధ్య ఊగుతుంది, ఫ్యాన్లు నిమిషానికోసారి లేచి ఆగుతుంటాయి. బేరింగ్ అరిగేది అలా లేచినప్పుడే. ఏప్రిల్ నుంచి తొలకరి దాకా కనీస వేగం 30 శాతం పెట్టి, 60 డిగ్రీల దగ్గర 50 శాతం, 75 దగ్గర 80 శాతం ఉండేలా గీత గీయండి. 50 సిరీస్ కార్డులు హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు ఉష్ణోగ్రత) చూపించవు కాబట్టి మెమరీ ఉష్ణోగ్రతను, ఫ్యాన్ వేగాన్ని కొన్న వారంలోనే రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే గది వేడికి, అదే ఆటకు ఫ్యాన్లు నిమిషానికి 300, 400 చుట్లు ఎక్కువ తిరుగుతుంటే నూగు చేరిందన్నమాట. బ్లోయర్ తియ్యండి.