మూడేళ్లుగా మా టీఎఫ్‌ఎస్‌ఏలో ఉన్న ఎక్స్‌ఈక్యూటీ గురించి

2022 సెప్టెంబరులో మొదటిసారి ఎక్స్‌ఈక్యూటీ కొన్నాను. చాలా దేశాల కంపెనీల షేర్లు ఒకే బుట్టలో పెట్టి అమ్మే ఫండ్ ఇది. అప్పుడు యూనిట్ ఇరవై నాలుగు డాలర్ల దగ్గర ఉంది. మూడేళ్లు దాటింది. ఈ మధ్యలో ధర పెరగడం చూశాను, పడిపోవడం చూశాను, అవసరం వచ్చి కొంత అమ్మాను, మళ్లీ కొన్నాను. కెనడాలో మనవాళ్లు చాలామంది టీఎఫ్‌ఎస్‌ఏలో (లాభం మీద పన్ను పడని ఖాతా), ఆర్‌ఆర్‌ఎస్‌పీలో (వేసినప్పుడు పన్ను తగ్గి, తీసినప్పుడు పన్ను పడే రిటైర్మెంట్ ఖాతా) ఏం కొనాలని అడుగుతుంటారు కాబట్టి నా అనుభవం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను బ్రాంప్టన్‌లో ఒక మందుల షాపులో అసిస్టెంట్‌ని. ఫైనాన్స్ చదువుకున్నదాన్ని కాదు.

దీనికి ముందు ఏముందో చెప్తేనే ఇది నాకు ఎందుకు నచ్చిందో అర్థమవుతుంది. మేం 2016 నవంబరులో పీఆర్ మీద దిగాం. 2018లో, బతుకమ్మ పండుగ దగ్గర పరిచయమైన ఒకాయన ఇంటికొచ్చాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఏజెంటు. "అక్కా, మనోళ్ల కోసమే చేస్తున్నా. మీ అసలు ఎక్కడికీ పోదు, గ్యారంటీ" అన్నాడు. టీ తాగే లోపే నెలకు 500 డాలర్లు కట్ అయ్యేలా సంతకాలు పెట్టించుకున్నాడు. అది సెగ్రిగేటెడ్ ఫండ్ అని, మ్యూచువల్ ఫండ్ మీద ఇన్సూరెన్స్ తొడుగు వేసి అమ్మేదని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. నా కాగితాల్లో ఉన్న గ్యారంటీ ఏమిటంటే, పదేళ్లు ఉంచితే వేసిన దాంట్లో 75 శాతానికి. అంటే నూటికి పాతిక పోయినా వాళ్ల మాట తప్పినట్టు కాదు.

2022లో మార్కెట్ పడినప్పుడు ఆ కాగితాలు మొదటిసారి సరిగ్గా చదివాను. అందులో ఎంఈఆర్ అని ఒక వరుస ఉంటుంది. ఫండ్ నడిపినందుకు ఏడాదికి మన డబ్బులోంచి తీసుకునే మొత్తం. నాది 2.9 శాతం. అప్పటికి నేను వేసింది 27 వేలు. కూర్చుని లెక్క వేస్తే ఏడాదికి 783 డాలర్లు. ఇది బిల్లు రూపంలో రాదు, అకౌంట్లో కోత కనిపించదు, ఫండ్ ధరలోంచే పోతుంది. లాభం వచ్చినా నష్టం వచ్చినా పోతుంది. అదే 27 వేలకు ఎక్స్‌ఈక్యూటీలో అప్పటి 0.20 శాతం చొప్పున 54 డాలర్లు. ఆ రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి మా ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

బయటికి రావడానికి కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది. ఏడేళ్ల లోపు తీస్తే కోత ఉంటుందని సన్న అక్షరాల్లో ఉంది. నాకు 640 డాలర్లు పోయాయి. మ్యూచువల్ ఫండ్లలో ఈ పద్ధతిని 2022 జూన్ నుంచి, సెగ్రిగేటెడ్ ఫండ్ల కొత్త అమ్మకాల్లో 2023 జూన్ నుంచి ఆపేశారు. పాతవి ఉన్నవాళ్లు మాత్రం తమ కాగితాలు తీసి చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: నేను డబ్బు విత్‌డ్రా చేయలేదు. కొత్త బ్రోకర్ దగ్గర టీఎఫ్‌ఎస్‌ఏ తెరిచి, వాళ్ల ఫారంతో నేరుగా ట్రాన్స్‌ఫర్ పెట్టించాను. అలా చేస్తే, టీఎఫ్‌ఎస్‌ఏలో ఏటా ఇంతవరకే వేయొచ్చన్న పరిమితికి ఏమీ కాదు. చేతికి తీసుకుని మళ్లీ వేస్తే అది కొత్తగా వేసినట్టు లెక్క.

ఇక ఎక్స్‌ఈక్యూటీ అంటే ఏమిటి. బ్లాక్‌రాక్ వాళ్ల ఐషేర్స్ పేరుతో 2019 ఆగస్టులో వచ్చిన ఈటీఎఫ్. టొరంటో ఎక్స్చేంజీలో షేరు కొన్నట్టే కొనొచ్చు. లోపల వేర్వేరు ప్రాంతాల ఫండ్లుంటాయి: సుమారు 45 శాతం అమెరికా, 25 శాతం కెనడా, 25 శాతం యూరప్, జపాన్ లాంటి దేశాలు, మిగతా 5 శాతం ఇండియా, చైనా లాంటి ఎమర్జింగ్ మార్కెట్లు. ఈ పాళ్లు అటూ ఇటూ అయితే వాళ్లే సరిచేస్తారు. నేను చేయాల్సింది కొనడం ఒక్కటే.

2024 వేసవిలో నాన్న సూపర్ వీసా మీద వచ్చారు. సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి, పీఎఫ్, పోస్టాఫీసు తప్ప వేరేది ఎరగరు. షేర్లంటే ఆయనకు జూదమే. ఒక సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఐషేర్స్ సైటులో లోపల ఉన్న కంపెనీల పట్టిక తెరిచాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే పైకి చదివారు. యాపిల్, మైక్రోసాఫ్ట్, ఎన్విడియా, మేం ఖాతా పెట్టిన రాయల్ బ్యాంక్. ఎమర్జింగ్ ఫండ్ తెరిస్తే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, రిలయన్స్ కనిపించాయి. "రిలయన్స్ కూడా ఉందేంటమ్మా!" అని కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. కాసేపాగి అసలు ప్రశ్న అడిగారు. "మరి ఆ బ్రోకర్ కంపెనీ మూసేస్తే?" దానికి సీఐపీఎఫ్ అని రక్షణ నిధి ఉందని, సభ్య సంస్థ దివాలా తీస్తే పది లక్షల డాలర్ల వరకు మన ఆస్తి తిరిగి ఇస్తుందని చెప్పాను. మార్కెట్ పడితే వచ్చే నష్టానికి మాత్రం ఎవరూ పూచీ లేరని కూడా చెప్పాను. ఆయన తల ఊపారు. "అట్ల చెప్తే సరే. పోదు అన్నోణ్ని నమ్మొద్దు" అన్నారు.

ఇప్పుడు నచ్చనివి. ఇది మొత్తం షేర్లే, బాండ్లు (ప్రభుత్వాలకు, కంపెనీలకు అప్పిచ్చి వడ్డీ తీసుకునేవి) లేవు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వచ్చిన వారంలో నా రెండు అకౌంట్లు కలిపి 84 వేలున్నది 73 వేలకు దిగింది. గుండె గుభేలుమంది. పనిలో లంచ్ టైములో ఫోన్ తెరవడం, మూయడం. రెండు రాత్రులు నిద్ర లేదు. అమ్మలేదు, ఆ నెల కొనాల్సింది కొన్నాను, వేసవికల్లా తేరుకుంది. కానీ ఆ వారం మీరు అమ్మేసే మనిషైతే ఈ ఫండ్ మీకు వద్దు. మా ఆయన స్వభావం వేరు, టెన్షన్ తట్టుకోలేరు. అందుకే ఆయన ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వాన్‌గార్డ్ వాళ్ల వీగ్రో పెట్టాం. 80 శాతం షేర్లు, 20 శాతం బాండ్లు. బాండ్లుంటే పడనే పడదని కాదు, 2022లో షేర్లతో పాటు బాండ్లూ పడ్డాయి. మామూలు రోజుల్లో మాత్రం కుదుపు తక్కువ. మూడు నాలుగేళ్లలో ఇల్లు కొనడానికి దాచే డబ్బైతే ఈ రెంటిలో ఏదీ వద్దు. మేం డౌన్ పేమెంట్ డబ్బు జీఐసీలోనే, అంటే ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంచాం.

ఇంకో చిన్న ఇబ్బంది, డివిడెండ్ మూడు నెలలకోసారి చిల్లరగా పడుతుంది. మొదటి ఏడాది అది ఊరికే నగదుగా పడి ఉంది. తర్వాత బ్రోకర్ సెట్టింగుల్లో డ్రిప్ ఆన్ చేశాక ఆ డివిడెండ్ డబ్బుతో దానంతటదే మళ్లీ యూనిట్లు కొంటోంది.

అమెరికా డివిడెండ్ల మీద 15 శాతం పన్ను అక్కడే పట్టుకుంటారు. ఎక్స్‌ఈక్యూటీ టీఎఫ్‌ఎస్‌ఏలో పెట్టినా, ఆర్‌ఆర్‌ఎస్‌పీలో పెట్టినా ఈ కోత తప్పదు. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో అమెరికా ఎక్స్చేంజీలో ఉన్న వీటీఐ లాంటి ఈటీఎఫ్ నేరుగా కొంటే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం ఆ పన్ను పడదు, టీఎఫ్‌ఎస్‌ఏలో కొంటే పడుతుంది. దీని గురించి మా ఆయన ఆఫీసులో గంటలు గంటలు చర్చ పెడతారట. నేను లెక్క వేశాను. 50 వేలలో అమెరికా భాగం 45 శాతం, దాని డివిడెండ్ నూటికి ఒకటింబావు అనుకుంటే, పోయేది ఏడాదికి నలభై డాలర్ల చిల్లర. దాని కోసం కెనడా డాలర్లు అమెరికా డాలర్లుగా మార్చుకుని, దానికి ఒకటిన్నర శాతం దాకా కమిషన్ ఇచ్చుకుని, ఒక్కదాని బదులు విడివిడిగా నాలుగు ఫండ్లు కొని నేనే సరిచూసుకోవడం నాకు కుదరదు. లక్షల్లో ఉన్నవాళ్లకు వేరే లెక్క.

నిజానికి ఏ ఫండ్ అన్నదాని కంటే అకౌంటు నియమాల దగ్గరే మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. దీని గురించి నాకు చాలా బాధ ఉంది. మా వీధిలో ఒక తమ్ముడు 2022లో వచ్చాడు. 2024 ఫిబ్రవరిలో గుంటూరు దగ్గర ప్లాటు అమ్మిన డబ్బు తెచ్చుకున్నాడు. తెలిసినాయన ఒకరు "టీఎఫ్‌ఎస్‌ఏలో 95 వేల దాకా వేసుకోవచ్చు" అన్నాడట. 2024 నాటికి 95 వేలు అన్నది 2009 నుంచి ఇక్కడే ఉన్న పెద్దవాళ్లకు. కొత్తగా వచ్చినవాళ్లకు కెనడాలో రెసిడెంట్ అయిన ఏడాది నుంచే లెక్క. అతని హక్కు 2022కి 6,000, 2023కి 6,500, 2024కి 7,000, వెరసి 19,500. అతను వేసింది 60 వేలు. ఎక్కువైన 40,500 మీద నెలకు ఒక శాతం, అంటే 405 డాలర్లు జరిమానా. జులైలో మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మాటల్లో బయటపడింది. మర్నాడే తీయించాం, అయినా ఆరు నెలలకు 2,430 అయ్యింది. పిల్లాడు అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక అలా ఉండిపోయాడు.

మనకు అనుకూలంగా ఉన్న నియమం కూడా ఒకటుంది, అదీ చాలామందికి తెలియదు. మేం నవంబరులో దిగినా 2016 సంవత్సరపు పరిమితి మొత్తం, 5,500, మాకు వచ్చింది. నెలల లెక్కన కోయరు.

విత్‌డ్రా సంగతి నా దగ్గరే జరిగింది. 2023 ఆగస్టులో నాన్న మోకాలి ఆపరేషన్‌కు 6,000 తీశాను. అమ్మిన నాలుగు రోజుల్లో డబ్బు బ్యాంకుకు వచ్చింది, పైసా పన్ను లేదు. ఆ సమయంలో ఈ అకౌంటు విలువ తెలిసింది. అక్టోబరులో చేతికి డబ్బు వచ్చినా తిరిగి వేయలేదు. నా పరిమితి అప్పటికే నిండింది కాబట్టి తీసిన 6,000 హక్కు మళ్లీ జనవరి 1కే వస్తుంది. 2024 జనవరి దాకా ఆగి వేశాను. సీఆర్‌ఏ (కెనడా పన్నుల శాఖ) మై అకౌంట్‌లో కనిపించే అంకె ఒక్కదాన్నే నమ్మకండి, ఈ ఏడాది మీరు వేసింది అందులో ఉండదు. నేను ఒక నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసుకుంటాను.

టీఎఫ్‌ఎస్‌ఏ ముందా, ఆర్‌ఆర్‌ఎస్‌పీ ముందా అంటే, మా ఇంట్లో ఇలా చేశాం. నా జీతం తక్కువ, కాబట్టి నాకు టీఎఫ్‌ఎస్‌ఏ ముందు. మా ఆయనకు ఆఫీసు గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో కంపెనీ కూడా కొంత డబ్బు జత కలుపుతుంది, దాన్ని పూర్తిగా తీసుకున్నాకే మిగతావి. ఆయన జీతం 80 వేలు. ఒంటారియోలో ఆ స్థాయిలో ఐదు వేలు ఆర్‌ఆర్‌ఎస్‌పీలో వేస్తే 1,480 దాకా పన్ను తగ్గుతుంది. తగ్గిన ఆ డబ్బు నా టీఎఫ్‌ఎస్‌ఏలోకి వస్తుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ పరిమితి గత ఏడాది సంపాదనలో 18 శాతం, దానికీ ఒక గరిష్ఠం ఉంటుంది. మీ అంకె సీఆర్‌ఏ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్‌లో రాసి ఉంటుంది.

ఊళ్లో వాళ్లు "ఎన్ఆర్ఈ ఎఫ్‌డీలో పెట్టొచ్చు కదా, ఏడు శాతం, పన్ను లేదు" అంటారు. పన్ను లేనిది ఇండియాలో. కెనడాలో ఉంటూ సంపాదించిన వడ్డీ ఎక్కడిదైనా ఇక్కడ చూపించి పన్ను కట్టాలి. ఇది తెలియక ఏళ్ల తరబడి చూపించనివాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు.

పోయిన నెల కాల్గరీ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. బ్యాంకులో ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఉందట, ఏ ఫండో తెలియదట. ఎక్స్‌ఈక్యూటీ కొనమని నేను చెప్పలేదు. మా ఫండ్ వివరాల కాగితంలో ఎంఈఆర్ ఉన్న వరుస చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఫోటో పంపాను. నీ కాగితంలో ఈ వరుస ఎక్కడుందో వెతికి చూడు అన్నాను. గంట తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది.

"వదినా, దొరికింది. 2.36 అని ఉంది. ఇది ఏడాదికా, మొత్తానికా?"

"ఏడాదికి" అన్నాను.

"ప్రతి ఏడాదీనా?"