బీసెంట్ రోడ్డులో ఫ్రిజ్ కొనబోయేవారు ముందు ఇది చదవండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, తప్పులుంటే సర్దుకోండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో పండగ తగ్గింపు అంటూ మైకు పెట్టి మరీ పిలుస్తున్న ఆ షాపు మీకందరికీ తెలిసిందే. ఫ్రిజ్ నచ్చింది, మూడు వేలు అడ్వాన్సు కట్టాను. సభ్యత్వ కార్డు తీసుకుంటే ఇంకో అయిదు వందలు తగ్గుతాయన్నారు. ఆశ! అక్కడే దొరికిపోయాను.

కుర్రవాడు ట్యాబ్ పట్టుకుని పేరు, ఫోను నంబరు అడిగాడు. చెప్పాను. ఆ తరువాత నా ముఖంలోకి చూసి ఆగిపోయాడు. "ఇలా ఇవ్వండి, నేను నింపుతాను" అన్నాను. ఇవ్వలేదు. కౌంటర్ వైపు తిరిగి గొంతెత్తి, "అన్నా, వీరిని సార్ అని కొట్టాలా, మేడం అని కొట్టాలా?" అని అడిగాడు.

ఆ పెద్దమనిషి నోట్లు లెక్కపెట్టడం ఆపలేదు, తల ఎత్తలేదు. "చూసి నొక్కు" అన్నాడు.

చూసి నొక్కు! వెనక ఇరవై మంది ఉన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకావిడ పిల్లవాణ్ణి పక్కకు లాక్కుంది. కుర్రవాడు నిజంగానే నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి నొక్కాడు. రైతుబజారులో పుచ్చు వంకాయను కూడా ఎవరూ అంత పరీక్షగా చూడరు.

ఈ వివరం ఎందుకండీ అంటే, "గడి నింపకపోతే ముందుకు పోదు" అట. ఉన్నవి రెండే గడులు. ఆధార్ దరఖాస్తులో మూడో గడి ఉంది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15నే మూడో లింగాన్ని గుర్తించింది. ఆ కబురు బీసెంట్ రోడ్డుకు ఇంకా నడిచి వస్తున్నట్లుంది.

ఇంతకీ నేను ఆడో మగో అని మీకూ కుతూహలంగా ఉందా? వెళ్లాను, కట్టాను, నవ్వులపాలయ్యాను. ఇంత కథ చెప్పినా మన భాషకు అక్కరపడని వివరం ఫ్రిజ్‌కు దేనికి? పేరు చివర 'గారు' తగిలిస్తే సరిపోయేది.

కొనను, డబ్బు ఇచ్చేయండి అన్నాను. బిల్లు వెనక చీమతలంత అక్షరాలు చూపించారు: అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. చదవకుండా కట్టిన నా తెలివికి ఒక దండం. గుమ్మం దిగుతుండగానే ఫోనుకు సందేశం: "మీ శ్రీమతికి మిక్సీ కానుకగా ఇవ్వండి!"

వినియోగదారుల నంబరు 1915కు ఫిర్యాదు చేశాను, చూడాలి. మీరు వెళ్లక తప్పకపోతే, ఫ్రిజ్ ఇంటికి చేరడానికి పేరు, నంబరు, చిరునామా చాలు. మిగతావి ఎందుకని అడగండి. చెప్పిన పనికి కావలసినంత సమాచారమే తీసుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనే ఉంది. ట్యాబ్ మీ చేతికి ఇమ్మనండి. ఆ, బిల్లు వెనక వైపు చదివాకే డబ్బు తీయండి.