2000 వాట్ల హీటర్, ఆ అబ్బాయి చెప్పిన రెండు యూనిట్లు

ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్లకు హీటర్ ఎందుకు కొన్నానో చెప్పక్కర్లేదు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, తెల్లవారుజామున లేవలేకపోతోంది. తీసుకున్నది 2000 వాట్ల ఫ్యాన్ హీటర్. "కరెంటు ఎంత కాలుతుంది తమ్ముడూ?" అంటే దుకాణంలో అబ్బాయి, "రెండు కిలోవాట్లే అక్కా, రాత్రంతా పెట్టినా రెండు యూనిట్లే" అన్నాడు. డబ్బా మీద కూడా 'గంటకు 2 కిలోవాట్లు' అని అచ్చేశారు. నమ్మేశాను.

నెల తిరిగి బిల్లు చూశాక టెన్షన్ మొదలైంది. ఆదివారం హీటర్ తప్ప ఇంట్లో అన్నీ ఆపేసి మీటర్ ముందు నిలబడ్డాను. మా మీటర్‌లో ఎర్రలైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. నిమిషానికి 106 సార్లు మెరిసింది. అంటే గంటకే దాదాపు రెండు యూనిట్లు! కిలోవాట్ అంటే స్కూటర్ ముల్లు చూపించే స్పీడు లాంటిది, యూనిట్ అంటే తిరిగిన కిలోమీటర్లు. ఆరు గంటలు ఆపకుండా నడిస్తే 12 యూనిట్లు.

హీటర్‌కి మాత్రం వంక పెట్టను. పది నిమిషాల్లో చిన్న గది వెచ్చబడుతుంది. చప్పుడే, పాత మిక్సీలా. ప్లగ్గు 16 ఆంప్స్‌ది, మంచం పక్క చిన్న సాకెట్‌లో పట్టదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు జోలికి వెళ్లకండి.

ఇప్పుడు పడుకునే ముందు అరగంట, తెల్లారి అరగంట వాడుతున్నాం. రోజుకు రెండు యూనిట్లు. "ఆ పిల్లగాడు చెప్పింది నిజమే కదా" అంటోంది అత్తమ్మ.